పదకొండో మంచం

“మా బామ్మర్దిని ఆ ఫ్యాను కింది మంచానికి మార్చేదానికి నీకు కాగితం రాసియ్యాల్నా?” అన్నాడు సర్దార్.

ప్రొద్దుటూరులో మిట్ట మధ్యాహ్నం. ఆసుపత్రి గోడలు కూడా సెగలు కక్కుతున్నాయి. సర్దార్ పులివెందుల వైపు పార్టీలో తిరిగే మనిషి. తెల్లచొక్కా, వెనకాల ఇద్దరు. కాలు విరిగిన బామ్మర్దికి ఆరో మంచం దొరికింది. ఫ్యాను తొమ్మిదో మంచం మీద ఉంది.

“రాసియ్యాలప్పా” అంది సుందరి. “ఇద్దరు రోగులూ ఒప్పుకోవాల. రిజిస్టర్లో, కేసు షీట్లో, చేతి పట్టీ మీద, మూడు చోట్లా నంబరు మారాల. అంతదాకా ఎవరూ లేచేది లేదు.”

“నువ్వు డాక్టరువా?”

“కాదు.”

“నర్సువా?”

“కాదు.”

“మరి ఈడ నీకేం పని?”

ఈ మాట సుందరికి కొత్తేమీ కాదు. హైదరాబాదుకు పోయి రెండేళ్లు ఆసుపత్రి నడిపే చదువు చదివి, పట్టా పుచ్చుకుని వచ్చినప్పటి నుంచీ వింటూనే ఉంది. కన్నతండ్రి యోహానే అడిగాడు. ఒకప్పుడు పార్టీల వెంట తిరిగి, ఇప్పుడు జమ్మలమడుగులో చర్చి గంట కొట్టుకుంటూ బతుకుతున్న మనిషి.

“సూది వేసేది నేర్పరు, మందు రాసేది నేర్పరు. ఏం చదువు తల్లీ అది?”

“ఎవరు యాడ పండుకున్నారో చూసే చదువు నాయనా.”

ఆయన తువాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

పెద్ద డాక్టరు కమాల్ బాషా మూడు నెలలు చూస్తానన్నాడు. పనికొస్తే ఉంచుకుంటాడు, లేకుంటే పంపేస్తాడు. ఆ మూడు నెలలు ఇవాళ్టితో సరి.

వచ్చిన వారంలోనే సుందరి ప్రతి రోగి చేతికీ పేరు, నంబరు రాసిన పట్టీ కట్టించింది. చూడ్డానికి వచ్చినవాళ్లకు చీటీ పెట్టింది. ఇంటి నుంచి వచ్చే అన్నం కారియర్లను గేటు దగ్గరే మూత తీసి చూపించమంది. “అత్త కంచాలు ఎంచుతాది, ఈమె మంచాలు ఎంచుతాది” అని నర్సులు నవ్వుకున్నారు. తన గదిలో ఫ్యాను కింద ఉన్న బల్లను గాలి తగలని మూలకు జరిపించుకున్న రోజున, ఎండకు పిచ్చి ముదిరిందన్నారు.

సర్దార్ నేరుగా పెద్ద డాక్టరు గదిలోకి పోయాడు. కాసేపటికి సుందరికి పిలుపొచ్చింది.

“చూడమ్మా, చదువుకుంటే చాలదు. మనుషుల్ని చూసి నడుచుకోవాల” అన్నాడు కమాల్ బాషా. “ఆయన అడిగిన మంచం ఇచ్చెయ్. రేపటి నుంచి నీ ఉద్యోగం ఖాయం. ఇయ్యలేనంటావా, నీ చదువు నాకు అక్కరలేదు.”

సుందరి ఇయ్యనని తల అడ్డంగా ఊపింది.

గడప దగ్గర నేల తుడుస్తున్న ఆయా లాల్‌బీ గుడ్డ బకెట్లో వేసి, మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. అరవై దగ్గర పడిన మనిషి.

“సాబ్, ఆ బిడ్డను పంపొద్దు. ముందు నా మాట ఇనండి.”

కమాల్ బాషా, సర్దార్, సుందరి ముగ్గురూ అటు తిరిగారు.

“పదహైదేండ్ల కిందట నేను వేరే ఆసుపత్రిలో చేస్తాంటి. పార్టీ కొట్లాటలో దెబ్బలు తిని ఒగాయప్ప వచ్చి పడినాడు. ఒగ మద్దేన్నం ఇద్దరు కారియర్ పట్టుకోని వచ్చిరి. ‘అమ్మా, మా మామకు సంగటి తెచ్చినాం, యాడుండాడు?’ అనిరి. కూడు తెచ్చినోళ్లను ఎవురన్నా ఆపుతారా సాబ్? పదకొండో మంచం అని చెప్తి.”

లాల్‌బీ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“కారియర్లో సంగటి లేదు. కత్తులు.”

సర్దార్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. “ఆయప్ప పోయినాడా?”

“ఆయప్ప పోలేదు. నంబరు నేను తప్పు చెప్పినా. పదకొండులో ఉండింది లింగాల ఊరి ముసలాయన. కడుపులో గడ్డకు ఆపరేషన్ చేయించుకునేదానికి వచ్చినాడు. ఏ పార్టీదో ఏ జెండానో ఎరగడు. సదువు రాని నోరు నాది. పద్నాలుగు అనాల్సింది పదకొండు అంటి. ఇప్పటికీ నమాజుకు కూచుంటే ఆ అంకెలే కండ్ల ముందరకొస్తాయి.”

సుందరి గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

సర్దార్ లేచాడు. “మా వాన్ని ఆరులోనే ఉండనీ మేడం” అన్నాడు మెల్లగా. “ఇంటి నుంచి విసనకర్ర తెప్పించుకుంటాంలే.” పోతూ పోతూ వెనకాల ఉన్నవాళ్ల చేత గేటు దగ్గర చీటీలు రాయించాడు.

కమాల్ బాషా సొరుగు లాగి, ఉద్యోగం కాగితం తీసి, సంతకం పెట్టి ఇచ్చాడు. “ఈ చదువు దేనికో నాకు ఇప్పుడు తెలిసిందమ్మా” అన్నాడు.

వరండాలో లాల్‌బీ సుందరి చెయ్యి పట్టుకుంది.

“సుందరమ్మా, నీ సదువు ఆ పొద్దే వచ్చింటే నాకు ఈ పాపం అంటేది కాదు గదా?”

“నీది తప్పు కాదు పెద్దమ్మా.”

“అందరూ అట్లే అంటారులేమ్మా. మనసు ఒప్పుకోవద్దా?”

సుందరి చేతిలోని ఉద్యోగం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. లాల్‌బీ బకెట్ తీసుకుని వార్డులోకి పోయింది. అక్కడి నుంచి తడిగుడ్డ చప్పుడు వినబడుతూనే ఉంది.

లాల్‌బీ చెప్పిన నంబరు సరైనదే. పదిహేనేళ్ల కిందటి ఆ మధ్యాహ్నం ‘మా నాయనకు ఉడకపోస్తాంది, ఫ్యాను కింద ఉండే నీ మంచం ఇస్తావా తాతా’ అని బతిమాలి, పద్నాలుగులో ఉన్న ఆ లింగాల ముసలాయనను తన నాయన పదకొండో మంచానికి పంపింది పదేళ్ల సుందరి.