ముఖం కూడా పడాలి

"ఫొటోలో ముఖం కూడా పడాలి," అందామె.

పూలకొట్టు ఓనరమ్మ కత్తెర ఆపింది. "ముఖమా? మేం పూలకే ఫొటో తీస్తామమ్మా. మనుషులకి తియ్యం."

చేర్చిన పూలకి ఫొటో తీసి పంపడం ఆ కొట్టు పద్ధతి. ఒకసారి పెళ్ళికి వెళ్ళాల్సిన పూలు చావుకీ, చావుకి వెళ్ళాల్సినవి పెళ్ళికీ వెళ్ళాయి. 'నూరేళ్ళు చల్లగా ఉండండి' అన్న కార్డు సాయంత్రం దాకా శవం గుండెల మీదే ఉంది. చావువాళ్ళు ఏమీ అనలేదు. పెళ్ళివాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆ వీధిలో నడవరు. అప్పట్నుంచీ ఫొటో తియ్యకుండా ఒక్క రేకు కూడా ఎక్కడా దింపడం లేదు.

"ఆయన్ని ఒక్కసారి చూడాలండీ. చూడకపోతే నాకు నిద్రపట్టదు."

ఆమెకి ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళ కింద నలుపు చూస్తే, ఆ నిద్ర నిన్నా మొన్నా పోయింది కాదని తెలుస్తోంది.

"మీరే వెళ్ళి చూడొచ్చుగా? ఆయన్ని ఉంచిన హాలు ఇక్కడికి పది నిమిషాలే."

"వెళ్ళలేను. వాళ్ళ అన్నదమ్ములంతా ఉంటారక్కడ."

ఓనరమ్మకి అర్థమైపోయింది. ఆమెకి ఏదైనా సగం వినగానే అర్థమైపోతుంది. ముప్పై ఏళ్ళుగా చావులకి పూలు పంపుతోంది. ప్రతి పెద్దమనిషి వెనకా, ముందు గుమ్మంలోంచి రాలేని కన్నీళ్ళు ఓ జత ఉంటాయని ఆమె నమ్మకం. చిన్నిల్లు! పాపం.

'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. "చూసి ఎన్నాళ్ళయింది తల్లీ?"

"ఏడేళ్ళు. పోయారని పొద్దున పేపర్లో చూశాను." తలుపు వైపు చూసింది. "పేపర్లో ఏదైనా వేస్తారు."

నమ్మబుద్ధి కావడం లేదు పిచ్చితల్లికి, అనుకుంది ఓనరమ్మ. తెల్ల చామంతులు తీసి చక్రంలా గుచ్చడం మొదలుపెట్టింది.

"కార్డు మీద ఏం రాయమంటావు?"

"ఏమీ వద్దు."

"కనీసం 'నీ ఆత్మీయురాలు' అనైనా..."

"వద్దండీ. మీ కొట్టు పేరు కూడా ఉండకూడదు."

ఓనరమ్మ ముక్కు ఎగబీల్చింది. ఇంత గుట్టుగా ప్రేమించిన మనిషిని ఆమె సినిమాల్లో కూడా చూడలేదు. అడక్కుండానే ఇంకో రెండు గుప్పెళ్ళ లిల్లీలు గుచ్చింది.

పూలు చేర్చేది ఓనరమ్మ తమ్ముడు. యాభై ఏళ్ళవాడు. వీధంతా తుఫాను అని పిలుస్తారు. అతను వ్యాను తోలుతుంటే వెనక నత్తలు హారన్ కొడతాయి.

"ఒరే, రెండింటికి శవప్పెట్టె మూత వేసేస్తారట. ఈలోపే చేరాలి. తలవైపు పెట్టి, ముఖం పడేలా తియ్."

"శవాన్ని నవ్వమనాలా అక్కా?"

"నోర్మూసుకుని వెళ్ళు."

ఒంటిగంటకి బయల్దేరాడు.

వీధివైపు అద్దం పక్కన కుర్చీ వేస్తే ఆమె కూచోలేదు. లోపల, బకెట్ల వెనక, గోడకి ఆనుకుని నిలబడింది. తలుపు గంట మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది. ఓనరమ్మ నీళ్ళిస్తే గ్లాసు పట్టుకుందే కానీ తాగలేదు.

ఒకటీ నలభైకి మొదటి ఫొటో వచ్చింది. పూలే. రెండోది తుఫాను బొటనవేలు, గోరుతో సహా చాలా స్పష్టంగా. మూడోదాంట్లో ముడిచిపెట్టిన రెండు చేతులు.

"చేతులు ఎవరివైనా కావచ్చు," అందామె.

ఓనరమ్మ ఫోన్ చేసింది. "ఒరే, ముఖంరా! ముఖం!"

"ఎలా తియ్యను అక్కా? వాళ్ళన్నయ్య పక్కనే ఉన్నాడు. తలుపంత మనిషి. పూలు ఎవరు పంపారని గుచ్చి గుచ్చి అడుగుతున్నాడు."

ఆమె ఓనరమ్మ చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. వద్దన్నట్టు తల ఊపింది.

"తెలీదని చెప్పు. నీకేమీ తెలీదంటే నీ మొహం చూసి ఎవరైనా నమ్ముతారు. ముందు ఫొటో తియ్. ఇక్కడో ప్రాణం కొట్టుకుంటోంది."

రెండింటికి ఐదు నిమిషాలుందనగా నాలుగో ఫొటో వచ్చింది. తెల్లపూలు. వాటి కింద ముఖం.

ఆమె ఫోన్ లాక్కుని వేళ్ళతో పెద్దది చేసింది. ఎడమ కనుబొమ మీద గాటు చూసింది. చెవి కింద పుట్టుమచ్చ చూసింది. మళ్ళీ గాటు చూసింది.

"ఆయనేనా?" అంది ఓనరమ్మ మెల్లగా.

"ఆయనే." ఫోన్ మాత్రం వదల్లేదు. "కదిలారేమో అడగండి."

ఓనరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "కదలరు తల్లీ. వెళ్ళిపోయినవాళ్ళు కదలరు."

"ఒక్కసారి అడగండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

అడిగింది.

"కదలడమేంటక్కా!" అన్నాడు తుఫాను. "మూత వేసేశారు. మరలు కూడా బిగించేశారు. నా కళ్ళ ముందే."

ఆమె అక్కడే, కత్తిరించిన కాడల మధ్య కూలబడిపోయింది. మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఓనరమ్మ పక్కన చతికిలబడి వీపు నిమిరింది. తనూ ఏడ్చింది. ఇద్దరి కన్నీళ్ళూ పట్టి పోస్తే ఆ పూటకి బకెట్లన్నీ నిండేవి.

"ఏడు తల్లీ. ఏడేళ్ళు లోపల దాచుకున్నది ఊరికే పోతుందా? అంతా బయటికి రానీ."

చాలాసేపటికి ఆమె మొహం తుడుచుకుంది. తన ఫోన్ తీసి కూతురికి చేసింది.

"బుజ్జీ, మీ నాన్న ఈసారి నిజంగానే పోయాడు, ఇక మనం ఇళ్ళు మారక్కర్లేదు."