కోలా మూట

"ఈ మూట కారు పైకెక్కదు. నా ఒళ్లోనే ఉంటుంది," అంది టెనింగ్.

"ఏముందమ్మా అందులో, బంగారమా?" డ్రైవరు నవ్వాడు.

"కోలా కాయలు. మా అమ్మాయి సిగాని అడుగుతూ బిగ్నోనా ఊరివాళ్లు పంపారు. వాళ్ల మొహాన కొట్టి రావడానికే పోతున్నా."

పిల్లనడిగేవాళ్లు పంపిన కోలాలో పిల్ల తరఫువాళ్లు ఒక్క కాయ విరిచి తిన్నా సంబంధం ఖాయమైనట్టే. ముట్టకుండా తిప్పి పంపితే వద్దన్నట్టు. టెనింగ్ ఇంట్లో లేని పూట ఆమె అన్న ఆ మూట పుచ్చుకుని తల ఊపేశాడు.

కన్నతల్లిని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అదీ ఆమె మంట.

సీట్లన్నీ నిండితే గాని కౌలక్ అడ్డాలో కారు కదలదు. ఎండ నడినెత్తికొచ్చాక ఒక ముసలాయన చేతికర్ర పొడుచుకుంటూ, ప్రతి కారులోకీ తొంగి చూసుకుంటూ వచ్చి, వెనక సీట్లో టెనింగ్ పక్కన ఇరుక్కున్నాడు.

"యాస చూస్తే సెరేరు పిల్లలా ఉన్నావే!"

"అవును. నువ్వో?"

"జోలా."

"చచ్చాం! మూడు పూటలా అన్నమే మెక్కే కుండ పక్కన పడ్డానన్నమాట."

"నోర్ముయ్. తాతల నాటి బానిసవి, కాస్త జరుగు."

కారంతా గొల్లుమంది. సెరేరు, జోలా తెగలకు అనాదిగా వేళాకోళపు చుట్టరికం. ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం మాత్రం రాకూడదు. అడిగింది లేదనకూడదు.

"ఆ మూటేంటి?" అన్నాడాయన.

పెళ్లికొడుకు పేరూ ఇంటిపేరూ తిట్లతో కలిపి చెప్పింది టెనింగ్.

"ఎందుకు వద్దు?"

ఆ మాట ఆమెను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

"నా బిడ్డ మోకాలి లోతు బురదలో నాట్లు వేసి ఎవరి గాదెలో పొయ్యాలయ్యా?"

"తన గాదెలోనే. మా వాళ్లలో ఆడదాని గాదె ఆడదానిదే. మొగుడు తాళం అడిగితే ఊరు నవ్వుతుంది."

"అయినా సరే, ఇవ్వను!"

"ఇవ్వకు. నాదేం పోయింది?"

బిగ్నోనా వెళ్లాలంటే మధ్యలో గాంబియా దాటాలి; ఆ సరిహద్దులో పోలీసు కారాపాడు.

"గుర్తింపు కార్డేదమ్మా?"

కోపంలో బయల్దేరిన మనిషికి కార్డు గుర్తుంటుందా!

"ఇంటి దగ్గరుంది. మొహం ఇక్కడే ఉంది, చూసుకో."

"దిగు. వెనక్కి పో."

"దిగను! చేతనైతే సీటుతో సహా పీక్కో."

డ్రైవరు తల పట్టుకున్నాడు.

ముసలాయన మెల్లగా దిగి, కుడిచెయ్యి చాచాడు. "నాయనా, అమ్మ కులాసాయేనా? పిల్లలు? మీ వైపు వానలెలా ఉన్నాయి?"

పెద్దాయన అడిగితే జవాబు చెప్పకుండా ఉంటారా? ఒక్కొక్కటీ చెప్పేసరికి పోలీసు మొహం మెత్తబడింది.

"అది మా సెరేరు బానిస. నోరు తప్ప ఆస్తి లేదు. పూచీ నాది. ఇదిగో నా కార్డు, రాసుకో. తిరుగు ప్రయాణంలో నేనే వెంట ఉండి దాటిస్తాను."

పోలీసు నవ్వి కారు వదిలేశాడు.

"ముందు మంచీ చెడ్డా అడగాలే. తర్వాతే దెబ్బలాట," అన్నాడు ముసలాయన ఎక్కుతూ. "నీకోసం వాగి వాగి నోరెండింది. ఒక కోలా కాయ ఇయ్యి."

"అమ్మో! ఇవి తిప్పి ఇవ్వాల్సినవి."

"అడిగితే లేదంటావా, బానిసా?"

టెనింగ్ మూట విప్పింది. 'ఒక్క కాయే కదా, బిగ్నోనాలో ఇంకోటి కొని పడేస్తా.'

ఆయన కాయను రెండు బద్దలుగా విరిచి, ఒకటి ఆమెకిచ్చాడు. ఇచ్చింది కాదనకూడదు. నమిలింది. చేదు పోయాక నోరు తియ్యనైంది.

బిగ్నోనా పొలిమేరలో, మసీదు దగ్గర ఆయన దిగిపోయాడు. ఆమె సంతలో ఒక కాయ కొని మూటలో కలిపి, పెళ్లికొడుకు ఇంటికి వెళ్లింది.

మంచినీళ్లిచ్చారు. చాప వేశారు.

"నా కూతుర్ని అడిగేముందు నన్నడిగారా?" మూట ముందుకు తోసింది. "ఒక్కటీ ముట్టలేదు. తీసుకోండి!"

పెళ్లికొడుకు తల్లి కంగారుపడింది. "అయ్యో వదినా! మావారన్నదీ అదే. 'కన్నతల్లిని అడక్కుండా సంబంధమేంటే!' అని మమ్మల్ని తిట్టి, నిన్నడగడానికే కౌలక్ వెళ్లారు. నీకు కనబడలేదూ?"

గుమ్మం బయట చేతికర్ర చప్పుడైంది.

టెనింగ్ తలెత్తింది.

చెప్పులు విడిచి లోపలికొచ్చిన పెళ్లికొడుకు తండ్రి కుడి అరచెయ్యి తెరిచాడు. అందులో, ఆయన తినకుండా దాచుకున్న రెండో బద్ద ఉంది.