వల మీద ఒట్టు

పాతరేవు లంక వెనక పాయలో అప్పటికే నాలుగు పడవలు వలలేసి ఉన్నాయి. బుజ్జిబాబు ఇంజన్ ఆపి భార్య వైపు తిరిగాడు.

"ఈ చోటు మనిద్దరికే కదా తెలుసు?"

వీరదుర్గ వల చిక్కులు తీస్తూ తల ఎత్తలేదు.

పక్క పడవలోని మనిషి ఫోన్ చూపించాడు. "యుగంధర్ మాస్టారి పాడ్‌కాస్ట్‌లో చెప్పారండి. సిస్టమ్స్ పాఠం."

యుగంధర్ వీరదుర్గ తమ్ముడు, కాలేజీలో లెక్చరర్. ఫోన్‌లో అతని గొంతు హాయిగా సాగుతోంది. "పోటొచ్చి ఉప్పునీరు ఎగదన్నితే పాతరేవు లంక వెనక పాయలోకి చేపలు చేరతాయి. ఒకటి కదిలితే అన్నీ కదులుతాయి. అదే సిస్టమ్."

వీరదుర్గ వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది.

"క్లాసులో పిల్లలకి చెప్పుకుంటానన్నావు కదరా."

"ఇదీ పాఠమే అక్కా. నీ పేరు ఎక్కడా చెప్పలేదు."

"నా పేరు దాచి చోటు చెప్పేశావా?"

"చోటు చెప్పకపోతే ఉదాహరణ తేలిపోతుందక్కా. చివరిదాకా విను. నీ మాటలే అందరికీ నచ్చాయి."

ఆమె ఫోన్ పెట్టేసింది.

"పోనీలే," అన్నాడు బుజ్జిబాబు మెల్లగా. "ఒట్టు సంగతి మర్చిపోయి, సొంత తమ్ముడని మాటవరసకి అనేసుంటావు."

వీరదుర్గ కళ్లు తుడుచుకుంది.

పక్క పడవలో పాఠం చివరికొచ్చింది. గిన్నెల చప్పుడు మధ్య, నవ్వుతూ, తమ్ముడు ఎప్పుడో రికార్డు చేసుకున్న వీరదుర్గ గొంతే వినిపించింది.

"మీ బావకి మాత్రం చెప్పకురా. ఎవరికీ చెప్పనని వల ముట్టుకుని ఒట్టేశాను."

బుజ్జిబాబు వంగి, ఆమె చేతుల్లోంచి వల తీసేసుకున్నాడు.