ఇస్త్రీ జడ

"కదలకు. కదిలితే చెవి కాలుతది."

రాజక్క బొగ్గుల ఇస్త్రీపెట్టెను కూతురి జుట్టు మీద మెల్లగా లాగింది. పీట మీద తల వాల్చి పడుకున్న చిలుకమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. పెట్టె కింద పాయ తిన్నగా సాగింది. పెట్టె తీయగానే మళ్లీ ఉంగరాలు తిరిగి కూర్చుంది.

"ఇదేం జుట్టే తల్లీ! మీ నాయినది అచ్చినట్టే అచ్చింది. సచ్చినా మాట ఇనదు!" రాజక్కకు ఏడుపొక్కటే తక్కువ.

లోపలి అర్రలో నులకమంచం కిర్రుమంది. తల్లీకూతుళ్లిద్దరూ ఊపిరి బిగబట్టారు.

"రాజవ్వా, శకుంతల అచ్చిందా?" అత్త లచ్చవ్వ గొంతు పీలగా వినిపించింది.

"అస్తాంది అత్తా. కాజీపేటల బండి దిగిందట. జర ఓపిక పట్టు."

పచ్చి అబద్ధం. శకుంతల ఇక రాదు. పెళ్లయి షోలాపూర్ వెళ్లిన రాజక్క పెద్దకూతురు కామెర్లొచ్చి అక్కడే కన్నుమూసింది. అప్పుడు లచ్చవ్వ మరిపెడలో తన కూతురింట్లో ఉంది. చూపు పోయిన ముసలిదానికి ఈ కబురు చెబితే గుండె ఆగిపోతుందని అందరూ నోరు కుట్టుకున్నారు. తీరా కొత్తవాడలో రాజక్క ఇంటికి చేరగానే ఆమె పట్టిన పట్టు ఒకటే. శకుంతల వచ్చి పక్కన కూర్చుంటే తప్ప ముద్ద ముట్టదట! గంజి వద్దు, చాయ వద్దు. దవాఖానకు పోదామంటే మంచం కోడు పట్టుకుని వదలదు. డాక్టరు వచ్చి చూసి, నాడి బాగానే ఉంది గానీ తిండి లేకుండా ప్రాణం ఎన్నాళ్లు నిలుస్తుందన్నాడు.

కడుపున పుట్టింది పోయింది. ఇప్పుడు అత్త కూడా తన చేతుల్లోనే పోతే? ఆ ఊహే రాజక్కను నిలవనీయలేదు. శకుంతల పోయినప్పటి నుంచి మగ్గం ముందు కూర్చోనిది, పొయ్యి ముట్టించనిది, చిన్నదాని తలైనా దువ్వనిది, ఈ రోజు లేచి పరుగులు పెడుతోంది.

ఉపాయం చిలుకమ్మదే. బాపమ్మ లచ్చవ్వ మంచం పక్కనే పడుకునే పిల్ల అది.

"బాపమ్మకు కండ్లు కనవడయి గదమ్మా. అక్కను జడ తడిమే గుర్తుపడతది. నా జుట్టు సాపు జెయ్యి. నేనే అక్కనైత" అంది.

నిజమే. శకుంతల జుట్టు నున్నగా పట్టుపోగులా ఉండేది. చిన్నప్పటి నుంచి దానికి నూనె రాసి జడ అల్లింది లచ్చవ్వే.

పొద్దున్నే చిక్కులు విప్పి గంజి పెట్టింది రాజక్క. మగ్గం నేసే ఇంట్లో ఇంకేం తడుతుంది పాపం! పడుగుకు గంజి పెట్టి కుంచెతో దువ్వితే పోగులన్నీ బుద్ధిగా పడుకుంటాయి, వెంట్రుకలు మాత్రం పడుకోవా అనుకుంది. ఎండలో ఆరేసరికి జుట్టంతా తడకలా బిగుసుకుపోయింది. పక్కింటి భాగ్యమ్మ చూసి నెత్తి కొట్టుకుంది.

"బిడ్డ తలకాయ అనుకున్నవా, పడుగనుకున్నవా? కడుగు ముందుగాల!" అని తిట్టి, మందేదో తెస్తానంటూ హన్మకొండ వెళ్లింది. అంతదాకా ఆగలేకే రాజక్క ఉత్త ఇస్త్రీపెట్టెతో ఈ తంటాలు పడుతోంది.

భాగ్యమ్మ చెమటలు కక్కుతూ వచ్చింది. చౌరస్తాలో కొత్తగా తెరిచిన బ్యూటీ పార్లర్లో బతిమాలి తెచ్చిన క్రీము సీసా చేతిలో పెట్టింది.

"జర్రంత రాసి, పల్చటి బట్ట కప్పి, మీదికెల్లి ఇస్త్రీ జెయ్యాల్నట. ఎక్కువైతే వెంట్రుకలు ఊడి చేతికస్తయట. పైలం." వెళ్లబోతూ ఆగింది. "నువ్వేమన్న తిన్నవానే? రవిక భుజాల మీద నిలుస్తలేదు."

"ముసల్ది తిననీ అక్కా. నా సంగతి తర్వాత."

కొంచెం రాస్తే జుట్టు లొంగలేదు. తెగించి సీసా మొత్తం కుమ్మరించింది రాజక్క. బొగ్గులు ఊది మళ్లీ పెట్టె ఎత్తింది. ఘాటు వాసనకు కళ్లు మండాయి. పెట్టె జారి అంచు చెవికి తగిలింది. చిలుకమ్మ పీటను గట్టిగా పట్టుకుంది.

"అయ్యో, నొచ్చిందా బిడ్డా?" రాజక్క ఆ తలను ఒడిలోకి లాక్కుని చెవి మీద ఊదింది.

"లేదమ్మా. నువ్వు జెయ్యి."

కొన్ని వెంట్రుకలు బట్టకు అంటుకుని ఊడొచ్చాయి. మిగిలినవి, దేవుడి దయ, తిన్నగా పడ్డాయి. జడ అల్లుతుంటే వేళ్ల మధ్య ఉన్నది శకుంతలే అనిపించి రాజక్క గుండె చెరువైంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు దిగమింగింది. ఆ చేతులతోనే పొయ్యి ముట్టించి అన్నం, పప్పు వండి, కంచంలో పెట్టుకుని చిలుకమ్మను లోపలికి తీసుకెళ్లింది.

"అత్తా, శకుంతల అచ్చింది. రైలుబండిల గాలికి జలుబు జేసి గొంతు పోయింది."

లచ్చవ్వ చేయి గాలిలో తడుముకుంటూ వచ్చి జడ మీద వాలింది. కొస దాకా పాకి, వెనక్కి వచ్చి కాలిన చెవి దగ్గర ఆగింది. రాజక్క పై ప్రాణాలు పైనే పోయాయి. సమ్మక్క తల్లీ, ఈ గండం గట్టెక్కించు, మేడారం వచ్చి నా ఎత్తు బెల్లం, నిలువెత్తు బంగారం తూగుతా అని మొక్కుకుంది.

"నా శకుంతలనే," అంది లచ్చవ్వ.

రాజక్క గబగబా ముద్ద కలిపి చిలుకమ్మ చేతిలో పెట్టింది. ముసలామె మూతి పక్కకు తిప్పుకుంది.

"ఎన్నాళ్లకో అచ్చినవ్ బిడ్డా. ముందుగాల మీ అమ్మ నోట్లె పెట్టు. ఆమె తిన్న సప్పుడు ఇనవడితెనే నేను తింట."

కాదంటే నాటకం బయటపడుతుంది. రాజక్క నోరు తెరిచింది. చిలుకమ్మ పెట్టిన ముద్దను నమిలింది. ఎలాగో మింగింది.

"ఇంకోటి," అంది లచ్చవ్వ.

ఇంకోటి మింగింది. ఆ తర్వాత ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. కన్నీళ్లు కంచంలో పడుతున్నా ఆగకుండా మొత్తం తినేసింది. మళ్లీ వడ్డించుకొస్తే అప్పుడు నోరు తెరిచింది లచ్చవ్వ. ముద్ద తర్వాత ముద్ద తిన్నది.

ముసలిది బతికింది! రాజక్క చెంబు తీసుకుని నీళ్ల కోసం గడప దాటింది. గోడకు చేరగిలబడింది. లోపల మంచం కిర్రుమంది. లచ్చవ్వ గుసగుసగా అడుగుతోంది.

"మీ అమ్మ కడుపు నిండ తిన్నదానే, చిలుకా?"