ఏడు దిండ్లు

శనివారం ఉదయం 9.10కి అమెరికాలోని వర్జీనియా బీచ్ ఊరి నడిబొడ్డున ఉన్న హోటల్లో, గది శుభ్రం చేయడానికి వచ్చిన అల్మాను కోటమ్మ మూడోరోజు కూడా గుమ్మంలోనే ఆపింది.

"పనేం లేదని చెప్పవే," అంది కూతురు రాగిణితో.

అల్మా లోపలికి తొంగి చూసింది. దుప్పటి మీద ముడత లేదు. మంచం మీద ఏడు దిండ్లూ వరసలో ఉన్నాయి. బాత్‌రూమ్ నేల తుడిచి ఉంది.

"ఈ హోటల్ బుక్ చేసింది నువ్వు రెస్ట్ తీసుకుంటావనమ్మా," అంది రాగిణి.

"ఆవిడకి నా వయసుంటుందే. మనం పడుకున్న పక్కబట్టలు ఆవిడ చేత ఎత్తించనా? కాసేపు కూర్చోమను."

రాగిణి ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. అల్మా నవ్వి, నెమ్మదిగా ఏదో చెప్పింది.

"ఏమంటోంది?"

"కూర్చోనివ్వరటమ్మా. శుభ్రం చేయాల్సిన గదులు తగ్గితే మధ్యాహ్నమే ఇంటికి పంపేస్తారట. ఆ గంటలకి జీతం రాదట. నిన్న అలాగే పంపారట."

కోటమ్మ లోపలికెళ్లి దుప్పటి లాగేసింది. దిండ్లన్నీ కింద పడేసింది. ఆరేసిన తువ్వాళ్లు తీసి బాత్‌రూమ్‌లో కుప్ప పోసింది.

"ఆవిడ పని కావాలంది గానీ, శిక్ష వెయ్యమన్లేదే అమ్మా," అంది రాగిణి.

కోటమ్మ ఒక్క క్షణం ఆలోచించి, నాలుగు దిండ్లు తీసి మంచం మీద పెట్టింది.

"ఇది చాలేమో అడుగు."

అల్మా సామాన్ల తోపుడు బండి లోపలికి తెచ్చుకుంది.

పదింటికి తల్లీకూతుళ్లు సముద్రం ఒడ్డున ఇసుకలో కూర్చుని ఉన్నారు.