లొంగుబాటు కాగితం

"డిసెంబర్ పదహారు, డెబ్బై ఒకటి. ఆ పొద్దు జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నం సారూ. రేడియోల యుద్ధం గెలిచినమని చెప్పిండ్రు. వినుకుంట కూసుంటే ఆఖరి రొట్టె పెనం మీదనే మాడిపొయింది," అని నవ్వింది లక్ష్మీనర్సమ్మ.

దివాకర్ కూడా నవ్వాడు. కామారెడ్డిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక, బోసిపోయిన ఇంటిని పాత పతకాలతో, సిపాయిల టోపీలతో నింపుకుంటున్నాడు. శత్రువు సంతకం పెట్టిన లొంగుబాటు కాగితం ఎల్లారెడ్డిలో ఉందని విని బస్సెక్కాడు.

"మా కోడలేమో గీ పెట్టెను పాతసామానోనికి ఏసెయ్యమంటది. నువ్వేమో దీనికోసం గింత దూరమొచ్చినవ్. ఉర్దూ సదువస్తదా మరి?"

"వస్తదవ్వా."

అప్పుడు తెరిచింది ట్రంకుపెట్టె.

ఆమె భర్త సిద్ధిరాములు ఆ యుద్ధంలో సిపాయి. తుపాకి కింద పెట్టేసిన ఒక శత్రు సైనికుడు ఈ కాగితాన్ని ఆయన చేతిలో పెట్టాడట. ఉర్దూ అక్షరం రాని సిద్ధిరాములు, నిరుడు పోయేదాకా, ఏటా డిసెంబర్‌లో దాన్ని ఊరివాళ్ళకు దూరం నుంచే చూపించి, "నాకు లొంగిపోయినట్టు రాసిచ్చిండు" అని మీసం మెలేసేవాడు. ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

దివాకర్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. రెండో వరుస దగ్గరే ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

అది లొంగుబాటు కాగితం కాదు. తల్లికి ఒక కొడుకు రాసుకున్న ఉత్తరం. బతికే ఉన్నాను, ఏడవకు, ఈ సిపాయి మంచివాడిలా ఉన్నాడు, దీన్ని నీకు అందేలా చూస్తాడు. కింద సంతకం, ఊరి పేరు.

"ఏం రాసిండు సారూ?" ఆమె రెప్ప వేయకుండా చూస్తోంది.

చెబితే? యాభై ఏళ్ళు తలెత్తుకు తిరిగిన మనిషి, పోయాక తల దించుకోవాలి.

"లొంగిపోతున్న అని రాసి సంతకం పెట్టిండవ్వా. మీ ఆయన ధైర్యం గలోడని గూడ రాసిండు."

"గంతేనా? మల్లొక్కసారి సూడు."

"గంతే." గోడ మీది సిద్ధిరాములు ఫొటో వైపు చూడలేకపోయాడు.

ఆమె కాగితం తీసుకుని మడతపెట్టింది. "ఇయ్యను తియ్యి సారూ. ఏమనుకోకు."

దివాకర్‌కు బరువు దిగినట్టయింది. తనాడిన అబద్ధాన్ని ఇంట్లో అద్దాల వెనక పెట్టుకుని రోజూ చూడక్కర్లేదు. చెప్పులు తొడుక్కుని గడప దాటాడు. పొద్దుగూకింది.

"మా నాయిన నేర్పిన ఉర్దూతోని యాభై ఏండ్ల సంది గా ఉత్తరం సదువుతనే ఉన్న సారూ, గా పిలగాని ఇంటికి చేర్చేటోడివి నువ్వేనేమో అనుకున్న," అంటూ లక్ష్మీనర్సమ్మ మెల్లగా తలుపు వేసుకుంది.