కంప్యూటర్‌కు రాని పని

ఇంటికి రాకుండ ఫోన్‌లనే పిలిచిండని తమ్ముని మీద అలిగి, బట్టల దుకాణం విఠల్ సేటు తమ్ముని బిడ్డ పెండ్లికి పోలే. పది దినాలకు పత్తర్‌గట్టిల నా వీడియో స్టూడియోకు వచ్చి గొంతు తగ్గించిండు.

"భాయ్, నీ కొత్త కంప్యూటర్‌ల ఏదైనా చేయొచ్చంట గదా. నువ్వు తీసిన పెండ్లి వీడియోల నేను అక్షింతలేసినట్టు పెట్టు."

"గట్లెట్లయితది సేటూ? అక్షింతలు పడాలంటే కింద పెండ్లిబిడ్డ తల ఉండాలె గదా! తోలుకొని రాండి, డిజిటల్ కెమెరాతోని తీస్త."

మస్తు గొణుక్కుంట పోయిండు. తెల్లారి బిడ్డతోని, తమ్మునితోని వచ్చిండు. అక్షింతలేసి ఆయన బిడ్డ తల మీద చేతులు పెట్టిండు. తమ్ముడే ఆ చేతులు పట్టుకున్నడు.

వాళ్లు పోయినంక నేను కంప్యూటర్ ముందట కూసొని, దుబాయ్ నుంచి రాలేకపోయిన ఒక మేనమామను ఇంకో పెండ్లి మండపంల నిలబెట్టే పనిల పడ్డ.